ఆయాసాన్ని అదుపు చేసే చదువు

సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఊపిరి పీల్చుకోవడం కన్నా వదలడమే కష్టం. బీడీ, సిగరెట్ల వల్లో, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చోవడం వల్లో దెబ్బతిన్న సన్నని గాలి గొట్టాలు, ఊపిరి పూర్తిగా వదలకముందే మూసుకుపోతాయి. పాత గాలి లోపలే చిక్కుకుపోతే కొత్త గాలికి చోటెక్కడిది? మెట్లెక్కుతూ గబగబా పీల్చేకొద్దీ ఆయాసం పెరిగేది అందుకే. ఆ క్షణంలో ఆగి, ముక్కుతో పీల్చి, వేడి పాలు ఊదుతున్నట్టు పెదవులు సున్నాలా చుట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు మెల్లగా వదలాలి. పెదవుల దగ్గర అడ్డు పడటంతో గొట్టాల్లో ఒత్తిడి నిలిచి, అవి తెరుచుకునే ఉంటాయి. పైసా ఖర్చు లేని ఈ ఉపాయం ప్రతి రోగికీ నేర్పాలి.

ఇన్‌హేలర్ సంగతీ అంతే. నొక్కే రకమైతే బాగా ఊపి, ఊపిరి వదిలి, మెల్లగా పీలుస్తూ నొక్కి, 10 సెకన్లు బిగబట్టాలి. పొడి మందుదైతే ఒక్కసారిగా గట్టిగా పీల్చాలి. ఇది తారుమారైతే మందు చాలావరకు నోట్లో, గొంతులోనే ఆగిపోతుంది. ‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అన్న భయంతో మానేసేవారు మన ఊళ్లలో ఎందరో. అది వ్యసనం కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి మాత్రల కన్నా చాలా తక్కువ మోతాదు సరిపోతుంది.

ఇలా నేర్పితే ఫలితం ఉంటుందా? కెనడాలోని క్యుబెక్‌లో జాన్ బుర్బో బృందం 191 మందిపై పరీక్షించి చూసింది. శిక్షణ పొందిన సిబ్బంది రెండు నెలలపాటు వారం వారం రోగుల ఇళ్లకు వెళ్లి నేర్పారు, ఆ తర్వాత నెలనెలా ఫోన్ చేశారు. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరడం దాదాపు 40 శాతం తగ్గిందని 2003లో ప్రకటించారు. అయితే 2012లో వెలువడిన మరో అధ్యయనాన్నీ దాచకూడదు. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఇలాంటి శిక్షణే పొందినవారిలో 28 మంది, పొందనివారిలో 10 మంది చనిపోవడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. కారణం పరిశోధకులకూ అంతుపట్టలేదు. కాబట్టి సొంత జాగ్రత్త డాక్టరుకు బదులు కాదు, డాక్టరు కనుసన్నల్లోనే సాగాలి.

ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు మీ ఇన్‌హేలర్ తీసుకెళ్లి డాక్టరు ఎదుటే వాడి చూపించండి. కఫం ఎక్కువైనా, రంగు మారినా, ఆయాసం మామూలు కన్నా పెరిగినా ఏ మందు మొదలుపెట్టాలో, ఎప్పుడు పరుగెత్తుకు రావాలో కాగితంమీద రాయించుకోండి. ఆ కాగితం ఇంట్లో అందరికీ కనబడేచోట అంటించండి.