ఆటయే బ్రతుకుతెరువగునా?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి మన తెలుగు బడులలో బంతియాట యందు నేర్పరులైన బాలురు పలువురు కలరు. “ఈ ఆట మా బిడ్డకు అన్నము పెట్టునా?” యని వారి తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఔననియో, కాదనియో ఒక్క మాటలో చెప్పజాలము. ఒక క్రీడాకారుని జీవితమును పరిశీలించినచో సంగతి తేటపడును.

తులసీదాస్ బలరాంగారు 1936లో సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో జన్మించిరి. తల్లిదండ్రులు తమిళులు. తమిళనాట మన మెట్లో, తెలుగునాట వారట్లు. కడు బీద కుటుంబము. పోలీసులు వాడి విడిచిన బూట్లను చెప్పులు కుట్టువానిచే ఆటకు తగినట్లు మార్పించుకొనిరని చెప్పుదురు. ఉపాధ్యాయుడుగా నుండి శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు వారి ప్రతిభను గుర్తించి చేరదీసిరి.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో బలరాంగారుండిరి. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టున చేరిరి. 1960లో రోము ఒలింపిక్సున హంగరీపై నొకటి, పెరూపై నొకటి గోలు కొట్టిరి. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు దక్షిణ కొరియాను 2–1తో గెలిచి స్వర్ణపతకము నందెను. ఆ యేటి అర్జున పురస్కారము వారిదే.

మరుసటి యేడే ఊపిరితిత్తుల పొరకు జబ్బుచేసి ఆట ముగిసెను. అప్పటికి వారికి ఇరువదియేడేండ్లైనను దాటలేదు. ఆ పిమ్మట అరువది యేండ్ల జీవితము మిగిలియుండెను. 2023 ఫిబ్రవరి 16న పరమపదించిరి. ఆ కాలమున క్లబ్బులిచ్చు సొమ్ము స్వల్పము. ఆటగాండ్రకు రైల్వే, పోలీసు శాఖల కొలువులే ఆధారము.

ధనము విస్తారముగా నున్నచోటను ఇదియే తీరు. అమెరికా దేశపు ఫుట్‌బాలులో ఐదుగురు ముందు వరుసన నిలిచి, బంతి విసరువానిని ప్రత్యర్థుల తాకిడినుండి తమ దేహములతో కాపాడుదురు. వారి వేతనము కోట్ల రూపాయలు. మోకాలు చెడిననాడు ఆ కొలువు చెల్లును.

నేటికిని రైల్వేలు క్రీడాకారులకు కొన్ని ఉద్యోగములు కేటాయించుచున్నవి. అందు చిన్న కొలువునకైనను పదవ తరగతియో, తత్సమానమైన చదువో ఉండవలయును. ఇది తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన విషయము.

కావున సాయంకాలము బిడ్డను మైదానమునకు పంపుడు. రాత్రి దీపము చెంత చదివింపుడు. నొప్పినిగాని, దగ్గునుగాని దాచవలదని బోధింపుడు. ఆట నిలిచిననాడు బిడ్డకు నిలువ నీడ చదువే గదా!