పీఠభూమి ఎంచిన విమానాలు

ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ ఏ విమానం కొనాలన్నా ముందుగా చూసుకునేది అడిస్ అబాబాలోని బోలే విమానాశ్రయం ఎత్తు. అది సముద్రమట్టానికి సుమారు 2,300 మీటర్ల పైన ఉంది. అక్కడి గాలి పలచన. ఇంజిన్ల తోపుడు తగ్గుతుంది, రెక్కలకు అందే లిఫ్టూ తగ్గుతుంది. నేల విడవాలంటే విమానం ఇంకా వేగంగా, ఇంకా దూరం పరుగెత్తాలి. ట్యాంకుల నిండా ఇంధనం, సీట్ల నిండా జనం, అడుగున నిండుగా సరకు - మూడూ ఒకేసారి కుదరవు. వాషింగ్టన్ నుంచి అడిస్‌కు ఆగకుండా వచ్చే విమానమే, అటు వెళ్లేటప్పుడు దారిలో దిగి ఇంధనం నింపుకోవాల్సి రావడానికి కారణం ఇదే. కొన్నేళ్లపాటు ఆ మజిలీ డబ్లిన్.

ప్రభుత్వ యాజమాన్యంలోని ఈ సంస్థ 1945 డిసెంబరులో అమెరికాకు చెందిన టీడబ్ల్యూఏ తోడ్పాటుతో ఏర్పడింది. తొలి విమానం 1946 ఏప్రిల్ 8న అస్మరా మీదుగా కైరో వెళ్లింది. అప్పటివి యుద్ధంలో మిగిలిన సీ-47లు. గోడల వెంట బల్లల మీద ప్రయాణికులు, మధ్యలో తాళ్లతో బిగించిన సరకు. మనిషినీ మూటనూ కలిపి మోసే ఆ పద్ధతి సంస్థ స్వభావంగానే స్థిరపడింది. 1962 చివర్లో బోయింగ్ 720బి జెట్లు వచ్చాయి. అడిస్‌లోని లిదేతాలో ఉన్న పాత రన్‌వే వాటికి చాలదు కాబట్టే బోలే కట్టారు. తర్వాత అధికారంలోకి వచ్చిన సైనిక ప్రభుత్వం సోవియట్ పక్షాన నిలిచినా, జెట్లు మాత్రం బోయింగ్‌వే కొన్నారు. 1984 జూన్‌లో కొత్త 767 వాషింగ్టన్ నుంచి అడిస్ దాకా 12,000 కిలోమీటర్లకు పైగా ఎక్కడా ఆగకుండా ఎగిరి, రెండు ఇంజిన్ల విమానాల్లో కొత్త రికార్డు నెలకొల్పింది.

ఆ తర్వాత కొత్త రకం ఏది వచ్చినా ఆఫ్రికాలో తొలి కొనుగోలుదారుల్లో ఈ సంస్థ ఉంటూ వచ్చింది. 2010లో 777-200ఎల్ఆర్, 2012లో 787, 2016లో ఎయిర్‌బస్ ఎ350-900, 2024లో ఎ350-1000. లాలిబెలా, గోందర్, అక్సుమ్ వంటి దేశీయ ఊళ్లకు మాత్రం పంకాల క్యూ400లే ఎక్కువగా తిరుగుతాయి. 2019 మార్చి 10న బిషోఫ్తు దగ్గర సంస్థ 737 మ్యాక్స్ ఒకటి కూలి 157 మంది మరణించారు. ఒక సెన్సర్ తప్పుడు సమాచారమివ్వగా, కంప్యూటర్ వ్యవస్థ పైలట్లతో పెనుగులాడి ముక్కును పదే పదే కిందికి వంచింది. ఆ రకం విమానాలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. ఇథియోపియన్ వాటిని మళ్లీ ఎగరేసింది 2022 ఫిబ్రవరిలోనే.

సరకు సంగతికి వస్తే, 1993లో ఎరిట్రియా విడిపోయాక దేశానికి తీరమే లేకుండా పోయింది. ఓడ సరకు ప్రధానంగా జిబూటీ రేవు మీదే ఆధారపడుతుంది. కానీ ఎగుమతి చేసే గులాబీలు ఓడలో వెళ్లేంత కాలం ఆగవు. తోటలో కోసిన మొగ్గను వెంటనే చల్లని గదికి చేర్చి, అట్టపెట్టెల్లో సర్ది, ఆ చలువ చెడకుండా యూరప్ చేర్చాలి. ఆ పనికి వెన్నెముక 777 సరకు విమానం. దాదాపు వంద టన్నులు మోస్తుంది. ఎడమ పక్కన వెనుక భాగంలో 3.72 మీటర్ల వెడల్పు తలుపు పైకి లేస్తే, ప్యాలెట్లు నేలలోని రోలర్ల మీద ఒక్కొక్కటిగా లోపలికి జారుతాయి. దాని దేహం, ఇంజిన్లు 777-200ఎల్ఆర్‌వే కాబట్టి పైలట్లు, మెకానిక్‌లు, విడిభాగాలు రెంటికీ పంచుకోవచ్చు. సంస్థ తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా తెలివైనది బహుశా ఈ జోడీని ఎంచుకోవడమే.

కోవిడ్ కాలంలో ఇరవైకి పైగా ప్రయాణికుల విమానాల్లో సీట్లు పీకి మందులు, మాస్కులు నింపారు. అది తాత్కాలిక ఏర్పాటు. శాశ్వత మార్పిడి వేరు. పాత 767 ముందు భాగాన పక్క రేకును కోసి పెద్ద తలుపు అమర్చాలి, నేల దూలాలను బలపరచాలి, కిటికీలు మూసేయాలి, సరకు ముందుకు దొర్లి కాక్‌పిట్ మీద పడకుండా అడ్డుగోడ బిగించాలి. ప్రయాణికులకు పాతబడిన విమానం ఆ మార్పుతో ఇంకా చాలా ఏళ్లు సరకు మోస్తుంది.