ఇల్లు కూడా మందే

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక, ఇల్లు అనగానే నాకు ఇల్లాలు, ఇలవేల్పు గుర్తుకొస్తాయి. ఇల్లంటే గోడలు కావని మన భాషే చెబుతోంది. మరి మతి చలించి వీధిన పడ్డవారి సంగతేమిటి?

అలాంటి స్త్రీల కోసం 1993లో చెన్నైలో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ ‘బాన్యన్’ సంస్థ స్థాపించారు. చికిత్సతో కుదుటపడి, చాలామంది అయినవాళ్ళను చేరుకున్నారు. కొందరికి తిరిగి వెళ్ళడానికి గడప లేదు. వారికోసం 2015లో ‘హోమ్ ఎగైన్’ మొదలయింది. మామూలు వీధిలో అద్దె ఇల్లు, నలుగురైదుగురు కలిసి కాపురం, అవసరానికి సహాయకురాలు. పూటకు ఏం వండుకోవాలో వారి ఇష్టం. ఆపాటి స్వేచ్ఛ ఆస్పత్రి వార్డులో దొరుకుతుందా?

మందిచ్చేది డాక్టరే కావచ్చు. ఇల్లివ్వవలసింది మనలాంటి ఇంటివారే. ఖాళీ వాటా అద్దెకడిగితే కాదనకండి.