కారులో సౌకర్యాలు - కదలక ముందు, ఆగిన తరువాత పాటించవలసిన జాగ్రత్తలు

ఒకప్పుడు జిల్లా కేంద్రాలలో సైతం వేళ్లమీద లెక్కించదగిన సంఖ్యలో కనిపించిన కార్లు నేడు మండల కేంద్రాలలోను, గ్రామాలలోను సర్వసాధారణమయ్యాయి. ఏసీ, మీట నొక్కితే లేచే అద్దాలు, అన్ని తలుపులకు ఒకేసారి పడే సెంట్రల్ లాక్, ముందుకు వెనుకకు జరుపుకొనగల సీట్లు ఖరీదైన వాహనాలకే పరిమితమైన రోజులు గతించాయి. ఇవన్నీ ప్రయాణపు ప్రయాసను తగ్గించేందుకు ఉద్దేశించినవే. అయితే వాటి పనితీరు తెలియకుండా వాడినపుడు అవే ప్రాణాపాయానికి దారితీయగలవు.

2025 ఏప్రిల్ 14వ తేదీన రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్ద గ్రామంలో నిలిపివుంచిన కారులో చిక్కుకుని ఇద్దరు బాలికలు మరణించారు. అదే సంవత్సరం మే 18వ తేదీన విజయనగరం సమీపంలోని ద్వారపూడి గ్రామంలో ఆడుకుంటూ కారులోకి ఎక్కిన నలుగురు చిన్నారులు తలుపులు తెరుచుకోక ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు సంఘటనలలోను వాహనం కదలనే లేదు. ప్రమాదం జరిగింది రహదారిపై కాదు, జనావాసాల నడుమ. రహదారి భద్రత అనగానే అతివేగం, మద్యపానం, హెల్మెట్ వంటి అంశాలే మదిలో మెదులుతాయి. కానీ భద్రత అనేది వాహనం కదలక ముందే మొదలై, ఆగిన తరువాత కూడా కొనసాగవలసిన బాధ్యత అని ఈ విషాదాలు తెలియజేస్తున్నాయి.

మూసిన కారు - ఎండ వేడిమి

ఎండలో నిలిపిన కారు బయటి వాతావరణం కంటే ఎంతో త్వరగా వేడెక్కుతుంది. సూర్యకాంతి అద్దాల గుండా సులభంగా లోనికి ప్రవేశిస్తుంది. డ్యాష్‌బోర్డు, సీట్లు ఆ కాంతిని గ్రహించి వేడిమిగా మార్చి తిరిగి వెదజల్లుతాయి. ఆ వేడిమిని అద్దాలు బయటకు పోనీయవు. తలుపులు మూసివున్నందున లోపలి గాలి మారే అవకాశం కూడా వుండదు.

అమెరికాలో ‘పీడియాట్రిక్స్’ వైద్య పత్రిక 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బయటి ఉష్ణోగ్రత 22 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య వున్న రోజులలో కూడా మూసిన కారులో గంట వ్యవధిలో సగటున 22 డిగ్రీల మేరకు వేడిమి పెరిగింది. అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే జరిగింది. కిటికీ అద్దాలను కొద్దిగా దించివుంచినందువల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కలుగలేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటడం పరిపాటిగా వున్న మన ప్రాంతాలలో ఈ ప్రమాదం ఎంత తీవ్రమైనదో ఊహించవచ్చు.

చిన్నపిల్లల శరీరం పెద్దల శరీరం కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ తగిలి మెదడు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇటువంటి సంఘటనలు జరిగినపుడు ‘ఊపిరాడక మృతి’ అని వార్తలు రావడం పరిపాటి. కానీ ఎండలో మూసివున్న కారులో మొదట ప్రాణం మీదకు తెచ్చేది వేడిమి. ఈ తేడాను స్పష్టంగా తెలియజేయవలసిన అవసరం వుంది. ఎందుకంటే గాలి ఆడకపోవడమే కారణమని భావించిన తల్లిదండ్రులు అద్దం కొంచెం దించితే చాలునని, ఐదు నిమిషాలలో తిరిగి రావచ్చునని పొరపడే ప్రమాదం వుంది.

పిల్లల విషయంలో పాటించవలసిన నియమాలు

పిల్లలను, వృద్ధులను, పెంపుడు జంతువులను ఎంత స్వల్ప వ్యవధికైనా మూసిన కారులో విడిచి వెళ్లరాదు. దిగిన ప్రతిసారి వెనుక సీటును పరిశీలించిన తరువాతనే లాక్ వేయాలి. ఇంటి ఆవరణలో నిలిపినప్పటికీ కారుకు విధిగా లాక్ వేసి, తాళంచెవిని పిల్లలకు అందని చోట వుంచాలి. డిక్కీని కూడా మూసివుంచాలి. ఉపయోగంలో లేని పాత కార్లు ఆరుబయట పడివుంటే వాటి తలుపులు తెరుచుకోకుండా యజమానులు జాగ్రత్త వహించాలి.

వెనుక తలుపులకు వుండే చైల్డ్ లాక్ వేసినపుడు ఆ తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. ప్రయాణంలో పిల్లలు తలుపు తీయకుండా కాపాడే ఈ ఏర్పాటే, వారు ఒంటరిగా చిక్కుకున్నపుడు ఆటంకంగా మారుతుంది. చైల్డ్ లాక్ ముందు తలుపులకు వర్తించదు. కనుక చిక్కుకున్నపుడు ముందు సీటులోకి వచ్చి తలుపు పిడిని లాగవలెనని, ఆగకుండా హారన్ మోగించవలెనని పిల్లలకు చేసి చూపించి నేర్పాలి. చాలా కార్లలో ఇంజను ఆగివున్నా హారన్ మోగుతుంది.

పిల్లలు కనిపించడం లేదని తెలిసిన వెంటనే బావులు, నీటితొట్లతోపాటు సమీపంలోని కార్లను, వాటి డిక్కీలను కూడా వెదకాలి. చిన్నారి లోపల చిక్కుకుని, తలుపు తెరుచుకోని పక్షంలో చిన్నారికి దూరంగా వున్న పక్క అద్దాన్ని పగులగొట్టాలి. పక్క అద్దాలు సాధారణంగా చిన్న చిన్న ముక్కలుగా రాలిపోయే రకానికి చెందినవి. ముందు అద్దం పొరలుగా అతికించినది కావడంతో అంత సులభంగా వీడదు. బయటకు తీసిన చిన్నారిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని చల్లని నీటితో తడుపుతూ విసరాలి. స్పృహలో లేనివారికి నీరు తాగించరాదు. వెంటనే 108కి గాని 112కి గాని ఫోన్ చేయాలి.

ఏసీ వినియోగం

ఎండలో వున్న కారులో కూర్చున్న వెంటనే అద్దాలు మూసి ఏసీ వేయడం సరైన పద్ధతి కాదు. ముందుగా తలుపులు తెరిచి వేడి గాలిని బయటకు పోనిచ్చి, అద్దాలు దించి కొద్ది దూరం నడిపిన తరువాత ఏసీ వేసినట్లయితే కారు త్వరగా చల్లబడుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. డ్యాష్‌బోర్డు నుంచి వెలువడే బెంజీన్ వాయువు వల్ల కాన్సర్ వస్తుందనే ప్రచారం చాలా కాలంగా సాగుతున్నది. ఈ ప్రచారానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదు. తలుపులు తెరిచి వుంచవలసింది వేడి గాలి పోవడానికే.

లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ మీట దుమ్ము, పొగ వున్న చోట, త్వరగా చల్లబరచవలసినపుడు ఉపయోగపడుతుంది. కానీ దూర ప్రయాణంలో అదేపనిగా దానిని వాడినట్లయితే ప్రయాణికుల శ్వాస ద్వారా బొగ్గుపులుసు వాయువు పేరుకుని మాంద్యం, నిద్రమత్తు కలుగుతాయి. మధ్య మధ్య బయటి గాలిని లోనికి రానివ్వడం అవసరం. వర్షాకాలంలో అద్దాలకు లోపలివైపు పట్టే ఆవిరిని చేతితో తుడిచే బదులు, బయటి గాలి మీట వేసి ఏసీ గాలిని ముందు అద్దం వైపు మళ్లించాలి. ఏసీ గాలిలోని తేమను తొలగిస్తుంది కనుక అద్దం త్వరగా తేటపడుతుంది.

ఇంజను నడుస్తుండగా అద్దాలు మూసి, ఏసీ వేసుకుని కారులో నిద్రించడం ప్రాణాంతకం కాగలదు. ఇక్కడ దోషం ఏసీది కాదు. పొగ గొట్టంలో లీకు వున్నా, మూసిన షెడ్డులో కారు నిలిపినా ఇంజను విడిచే కార్బన్ మోనాక్సైడ్ లోనికి చేరుతుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పెనవేసుకుంటుంది. నిద్రలో వున్నవారికి ముప్పు తెలిసే అవకాశమే వుండదు. అధికారుల కోసం గంటల తరబడి వేచివుండే వాహన చోదకులకు నీడ, కూర్చునే వసతి కల్పించడం ఈ దృష్ట్యా కూడా కార్యాలయాల బాధ్యత.

అద్దాలు, సన్‌రూఫ్

మీటతో లేచే అద్దాల మధ్య పిల్లల వేళ్లు, చేతులు, మెడ చిక్కుకునే ప్రమాదం వుంది. అడ్డు తగిలితే తిరిగి దిగే ఏర్పాటు అన్ని కార్లలోను, అన్ని అద్దాలకు వుండదు. కనుక అద్దం లేపే ముందు వెనుకకు చూడాలి. డ్రైవరు తలుపువద్ద వుండే లాక్ మీటను వేసినట్లయితే మిగిలిన మీటలు పనిచేయవు. కదిలే కారులో పిల్లలను సన్‌రూఫ్ గుండా నిలబెట్టడం ఇటీవల తరచు కనిపిస్తున్నది. ఒక్కసారి బ్రేకు వేసినా వారు ఎగిరిపడతారు. ఇది వినోదం కాదు, ఘోరమైన నిర్లక్ష్యం.

కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం కాంతి ప్రసరించాలి. ఈ నియమం ఆధారంగానే సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో నల్ల ఫిల్ములను నిషేధించింది. ఎండ నుంచి రక్షణ కోరేవారు కారు నిలిపినపుడు ముందు అద్దానికి అడ్డుతెర పెట్టి, కదిలే ముందు తీసివేయడం మేలు.

సీటు, బెల్టు, ఎయిర్‌బ్యాగ్

డ్రైవింగుకు సిద్ధమయ్యేటపుడు మొదట సీటు, తరువాత అద్దాలు, ఆ పిమ్మట బెల్టు అనే క్రమాన్ని పాటించాలి. సీటు జరిపితే అద్దంలో కనిపించే దృశ్యం మారుతుంది కనుక ఈ క్రమానికి ప్రాధాన్యం వుంది. బ్రేకును పూర్తిగా తొక్కినపుడు కూడా మోకాలు కొద్దిగా వంగివుండేలా సీటు జరుపుకోవాలి. వీపును సీటుకు ఆనించి చేయి చాచితే మణికట్టు స్టీరింగ్ పైఅంచును తాకాలి. రొమ్ముకు, స్టీరింగుకు మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం వుండాలి. హెడ్‌రెస్ట్ తల ఆనించుకొనే దిండు కాదు. వెనుకనుంచి మరో వాహనం ఢీకొన్నపుడు మెడ విరగకుండా కాపాడే సాధనం. దాని పైఅంచు తల పైభాగంతో సమానంగా వుండాలి.

బెల్టు నడుము పట్టీ పొట్టమీద కాక తుంటి ఎముకలమీద, పై పట్టీ భుజం మధ్యగా రావాలి. గర్భిణులు నడుము పట్టీని పొట్టకు దిగువగా వేసుకోవాలి. ప్రయాణంలో సీటును పూర్తిగా వాల్చి పడుకుంటే బెల్టు శరీరానికి ఆనదు. ప్రమాద సమయంలో మనిషి దాని కిందుగా జారిపోతాడు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. అది రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో విచ్చుకుంటుంది కనుక దాని మూతపై దేవతా ప్రతిమలు, అలంకరణ వస్తువులు అతికించరాదు. అవి అంతే వేగంతో ముఖానికి తగులుతాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ వున్న కార్లలో దానిని అడ్డగించే సీటు కవర్లు వాడరాదు. పిల్లలను ముందు సీటులో ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదు. వెనుకకు తిరిగివుండే చైల్డ్ సీటును పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ఎదుట అమర్చరాదు.

వెనుక సీటులో కూర్చున్నవారికి బెల్టు అవసరం లేదనే అపోహ ఇంకా తొలగలేదు. కేంద్ర నియమావళిలోని 138వ నియమం ముందు సీట్లవారితో పాటు, ముందుకు తిరిగివున్న వెనుక సీట్లవారికి కూడా బెల్టును తప్పనిసరి చేసింది. 2019 సవరణ చట్టంతో చేరిన 194-బి సెక్షన్ బెల్టు ధరించనివారికి, 14 సంవత్సరాల లోపు పిల్లలను బెల్టుతో గాని చైల్డ్ సీటుతో గాని కూర్చుండబెట్టని డ్రైవర్లకు వెయ్యి రూపాయల జరిమానా నిర్దేశించింది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద జరిగిన ప్రమాదంలో మరణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణించారు. వాహనం ఎంత విలువైనదైనా బెల్టు లేని లోటును తీర్చజాలదు.

కదిలే ముందు రెండు నిమిషాలు

కారు ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి రావడం ఉత్తమమైన అలవాటు. టైర్లలో గాలి, నేలపై చమురు చుక్కలు, దీపాలు, అన్నిటికంటే ముఖ్యంగా వెనుకవైపు ఆడుకుంటున్న పిల్లలు అప్పుడే కంటబడతారు. లోపల పాదాల వద్ద నీళ్ల సీసాలు, విడిచిన చెప్పులు లేకుండా చూడాలి. బ్రేకు కిందికి దొర్లిన ఒక్క సీసా చాలు బ్రేకు పడకుండా చేయడానికి. ఒకదానిపై ఒకటి పరచిన మ్యాట్లు కూడా పెడల్‌కు అడ్డుపడతాయి.

ఏసీ చల్లదనం, పాటలు, ఫోనులోని దారి చూపే మ్యాపు కదలక ముందే సరిచేసుకోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు రెండు సెకన్లలో సుమారు 44 మీటర్లు ముందుకు పోతుంది. ఏసీ మీట కోసం చూపు తిప్పిన డ్రైవరు అంత దూరం కళ్లు మూసుకుని నడిపినట్లే. చివరగా అందరి బెల్టులు, అన్ని తలుపులు చూసుకున్న తరువాతనే బండి కదల్చాలి.

అందరి బాధ్యత

ఈ జాగ్రత్తలలో వేటికీ అదనపు ఖర్చు లేదు. అంగన్‌వాడీ కేంద్రాలు, పాఠశాలలు, గ్రామ సభలలో వేసవికి ముందే వీటిని ప్రజలకు వివరించడం, పిల్లలకు కారు తలుపు తెరవడం, హారన్ మోగించడం చేసి చూపడం స్థానిక అధికారులు సులభంగా చేపట్టగల పనులు. ప్రభుత్వ వాహనాలలో వెనుక సీటు అధికారి స్వయంగా బెల్టు ధరించినపుడే ఆ మాటకు విలువ వస్తుంది. దుర్ఘటన జరిగినపుడు వార్తతోపాటు నివారణ మార్గాన్ని కూడా నాలుగు వాక్యాలలో ప్రచురించినట్లయితే పత్రికా విలేఖరులు మరో ఇంటి దీపం ఆరిపోకుండా కాపాడినవారవుతారు. లాక్ వేసే ముందు వెనుక సీటు వైపు ఒక్క చూపు అనే అలవాటు ప్రతి వాహనదారునికి కలిగేలా అందరూ కృషి చేయవలసివుంది.