మంటను చూసే కన్ను

జనవరిలో ఒక రాత్రి మూడింటికి చలికి మెలకువ వచ్చింది. మసాచుసెట్స్‌లో మేం ఓ పాత ఇల్లు కొనుక్కున్న తొలి చలికాలం అది. బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే ఆయిల్ బాయిలర్ చడీచప్పుడూ లేకుండా పడి ఉంది. బర్నర్ మీదున్న ఎర్ర బటన్ నొక్కాను. మోటారు తిరిగింది, లోపల గుప్పున మంట అందుకుంది. హమ్మయ్య అనుకుని పైకి వచ్చి పడుకున్నాను. తెల్లవారేలోగా మళ్లీ ఆగింది. మళ్లీ నొక్కాను. వారమంతా ఇదే వరస. బటన్ నొక్కినా మంట రాని రాత్రుల్లో, వచ్చేదాకా నొక్కుతూ పోయాను.

చివరికి పిలిపించిన టెక్నీషియన్ మెట్లు దిగుతూనే అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నిసార్లు నొక్కారు?" అని. జవాబు విని ఆయన పనిముట్ల పెట్టె కింద పెట్టేసి, ముందుగా టార్చిలైటు తీసుకుని మంటగదిలోకి చూశాడు. నూనె మడుగు కట్టిందేమోనని వెతుకుతున్నాడని తర్వాత అర్థమైంది.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో గ్యాస్ పైపు చేరని ఇళ్లెన్నో ఇప్పటికీ నూనెతోనే కాగుతాయి. పన్ను కట్టిన డీజిల్‌తో కలిసిపోకుండా ఎర్రరంగు కలిపిన ఆ నూనె, బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకులో ఉంటుంది. ద్రవంగా ఉన్నంతసేపూ అది సరిగా అంటుకోదు. పొగమంచులా మారాలి. మన పాత పంపు స్టవ్వును చూసిన వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. దానిలో కిరసనాయిలు వేడికి ఆవిరై సన్నని రంధ్రంలోంచి చిమ్ముతుంది. ఇక్కడ పంపు ఒత్తిడే ఆ పని చేస్తుంది. చదరపు అంగుళానికి 100 పౌండ్ల ఒత్తిడితో నాజిల్‌లోంచి నూనె తుంపరగా విడిపోతుంది. పక్కనే రెండు ఎలక్ట్రోడ్ల నడుమ 10,000 వోల్టుల నిప్పురవ్వ. మోటారుకే బిగించిన ఫ్యాన్ గాలిని అందిస్తుంది. స్టవ్వు మూసుకుపోతే అమ్మ పిన్నుతో పొడిచి బాగుచేసేది. ఈ నాజిల్‌ను మాత్రం పొడవకూడదు. లోపలి సన్నని గాడులు చెడితే తుంపర ఆకారమే పోతుంది. అందుకే దాన్ని ఏటా మార్చేస్తారు.

మా నాజిల్ గంటకు 0.85 గ్యాలన్, అంటే సుమారు 3.2 లీటర్లు చిమ్ముతుంది. బర్నర్‌ను నడిపించే మా పాత కంట్రోల్ పెట్టె మంట కోసం 45 సెకన్లు ఎదురుచూసి, రాకపోతే అన్నీ ఆపేస్తుంది. ఆ 45 సెకన్లలో మండకుండా లోపల పడే నూనె దాదాపు 40 మిల్లీలీటర్లు. ఐదుసార్లు నొక్కితే ఒక గ్లాసు. ఆరోసారి నిప్పు అందుకుందంటే ఆ గ్లాసెడు నూనె కూడా ఒక్కసారిగా భగ్గుమంటుంది. బాయిలర్ తలుపులు ఎగిరి, పొగగొట్టం ఊడి, ఇల్లంతా మసి కమ్మేస్తుంది. దీన్ని ఇక్కడి వాళ్లు పఫ్‌బ్యాక్ అంటారు. నేను చెడిపోయిందని తిట్టుకున్న యంత్రం ఆ వారమంతా మమ్మల్ని ఆ ప్రమాదం నుంచి కాపాడుతూ వచ్చింది.

దానికి మంట ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మొదట్లో ఈ కాపలా పొగగొట్టంలో ఉండేది. రెండు లోహాలు అతికించిన చుట్ట ఒకటి వేడికి మెలి తిరిగి స్విచ్చిని కదిపేది. కానీ ఇనుప గొట్టం వేడెక్కేదాకా దానికి కబురు అందదు. అంతసేపూ నూనె పడుతూనే ఉంటుంది. వేడి కోసం కాచుకుని కూర్చోవడం కాకుండా, మంటను నేరుగా చూడగలిగే కన్ను కావాలి.

ఆ కంటి కథ సముద్రం అడుగున మొదలైంది. 1873లో ఇంగ్లండులో విలోబీ స్మిత్ అనే ఇంజనీరు టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతున్నాడు. వాటి విద్యుత్ నిరోధం ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండటం లేదు. పెట్టె మూత తీస్తే తగ్గుతోంది, మూస్తే పెరుగుతోంది. కారణం వెలుగు. ఆ గుణమే ఉన్న మరో పదార్థం క్యాడ్మియం సల్ఫైడ్. చిత్రకారులకు అది క్యాడ్మియం ఎల్లో అనే పసుపు రంగు. కెమెరాల లైట్ మీటర్లలోకి వచ్చింది. మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఎల్‌డీఆర్ పేరుతో విద్యార్థుల చేతికీ అందింది. బర్నర్‌లో దాని పేరు క్యాడ్ సెల్.

ఈ పనికి అది ఎంత తగిందో చూస్తే ముచ్చటేస్తుంది. దాని చూపు దాదాపు మనిషి చూపులాంటిది. నూనె మంటలోని పసుపు వెలుగును పట్టుకుంటుంది కానీ, మంట ఆరాక మంటగదిలోని కాగిన ఇటుకలు వెదజల్లే పరారుణ కిరణాలకు మోసపోదు. చీకట్లో దాని నిరోధం లక్ష ఓమ్‌లు దాటుతుంది. మంచి మంట ముందు వెయ్యి లోపుకు దిగుతుంది. గ్యాస్ మంట నీలంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇది పనికిరాదు. మోటారు తిరగకముందే వెలుగు కనబడితే ఏదో తేడా ఉందని బర్నర్‌ను మొదలు కానివ్వదు కూడా.

కాబట్టి బాయిలర్ ఆగిందంటే ఆ కన్ను "నాకు మంట కనబడలేదు" అంటోందన్న మాట. మంట నిజంగానే లేదా, లేక ఉన్నా కంటికి మసి పట్టిందా? టెక్నీషియన్ కన్నును తీసి మెత్తటి గుడ్డతో తుడిచాడు, మళ్లీ పెట్టి బర్నర్ వెలిగించి, దాని పసుపు తీగలకు మీటరు తగిలించాడు. 700 ఓమ్‌లు. మరుక్షణం 1,500. తర్వాత 900. ఆపైన 2,000 దాటి, మళ్లీ కిందికి.

"కన్ను మురికిదైతే అంకె ఎక్కువగా ఉన్నా నిలకడగా ఉంటుంది. ఇలా గెంతుతోందంటే మంటే వణుకుతోంది," అన్నాడు.

మంట వణకడానికి కారణం నూనెలో గాలి. మా ట్యాంకు నెత్తి నుంచి బయలుదేరే సన్నని రాగి గొట్టం బేస్‌మెంట్ కప్పు వెంబడి వచ్చి బర్నర్‌లోకి దిగుతుంది. పంపు నూనెను పైకి పీల్చుకోవాలి. పీల్చే గొట్టంలో చిల్లి పడితే నూనె బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద చుక్క కూడా కనబడదు. అందుకే వారం రోజులు వెతికినా నాకేమీ దొరకలేదు. బుడగ వచ్చినప్పుడు మంట ఆరుతుంది, కన్ను చీకటవుతుంది, కంట్రోల్ ఇంకోసారి ప్రయత్నించి ఆపేస్తుంది. కాసేపటికి బటన్ నొక్కితే ఒక్కోసారి ఏమీ జరగనట్టు వెలుగుతుంది.

పంపు పక్కనున్న చిన్న వాల్వుకు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొస డబ్బాలో పెట్టి తెరిచాడు. ఎర్ర నూనె నురగలు నురగలుగా వచ్చింది. ఫిల్టర్ డబ్బా మూత విప్పితే గ్యాస్కెట్ గట్టిపడి అంచున చీలి ఉంది. గ్యాస్కెట్, ఫిల్టర్ మార్చి, నురగ పోయి నూనె తేటపడేదాకా వదిలాడు. పాత కంట్రోల్ తీసేసి కొత్తది బిగించాడు. అది మంట కోసం 15 సెకన్లే చూస్తుంది. వరసగా 3 సార్లు లాకౌట్ అయితే, అంటే మంట రాక అన్నీ ఆపేస్తే, ఇంట్లో వాళ్లు ఊరికే బటన్ నొక్కినంత మాత్రాన తెరుచుకోదు.

మీటరు ఈసారి 550 దగ్గర నిలిచింది. ఆయన బాయిలర్‌కు వేలాడుతున్న అట్టముక్క మీద తేదీ, నాజిల్ సైజు, ఓమ్‌ల అంకె రాశాడు. వచ్చే ఏడు దాన్ని చూసి పోల్చుకుంటానన్నాడు.