డ్రైవర్ పక్క సీటులో మనిషి



కారు పందెం అనగానే మనకు టీవీలో చూసే గుండ్రటి ట్రాకు, చుట్టూ గ్యాలరీలు, హెల్మెట్ పెట్టుకున్న ఒక్క డ్రైవరు గుర్తుకొస్తాయి. కానీ అమెరికాలో మోటారు కార్లు వచ్చిన కొత్తల్లో పందేలు మామూలు రోడ్ల మీదే జరిగేవి. ఆవులు, కోళ్లు, బళ్లు తిరిగే మట్టిరోడ్ల మీద ఊళ్ల మధ్య నుంచే కార్లు దూసుకుపోయేవి. పైగా ఒక్కో కారులో ఒకరు కాదు, ఇద్దరు ఉండేవారు. ఆ రెండో మనిషి గురించి తెలుగులో ఎవరైనా రాయగా నేను చూడలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా పందేల సంగతి. 1895 నవంబరు 28న చికాగో నగరంలో ఒక వార్తాపత్రిక పందెం పెట్టింది. ఎవాన్‌స్టన్ దాకా వెళ్లి తిరిగి రావాలి, సుమారు 87 కిలోమీటర్లు. దారంతా మంచు. ఆరు బండ్లు బయలుదేరితే రెండే గమ్యం చేరాయి. గెలిచిన ఫ్రాంక్ డ్యూరియాకు పది గంటలకు పైగా పట్టింది. ఇవాళ సైకిలు మీద వెళ్లేవాడు ఇంకా ముందే చేరతాడు. అయినా అమెరికా మోటారు పందేల చరిత్ర అక్కడే మొదలైందని చెప్పుకుంటారు.

తొమ్మిదేళ్లు గడిచేసరికి పరిస్థితి పూర్తిగా మారిపోయింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్ అనే పొడవాటి దీవి ఉంది. రైలు మార్గాల వల్ల కోట్లకు పడగెత్తిన వాండర్‌బిల్ట్ కుటుంబానికి చెందిన విలియం కె. వాండర్‌బిల్ట్ జూనియర్ అక్కడ ఒక వెండి కప్పు పెట్టి, 1904 అక్టోబరు 8న పందెం నడిపించాడు. ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ కార్లను ఓడించగల కారును అమెరికా కంపెనీలు తయారు చేయాలన్నది ఆయన కోరిక. దీవిలోని ప్రజల రోడ్లనే 45 కిలోమీటర్ల చుట్టుగా ఎంచుకున్నారు. దాన్ని పదిసార్లు తిరగాలి. దుమ్ము లేవకుండా రోడ్డు మీద నూనె పోయించారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎవరూ రోడ్డెక్కవద్దనీ, కుక్కల్ని కట్టేసుకోవాలనీ, కోళ్లను గూట్లో పెట్టుకోవాలనీ కరపత్రాలు అంటించారు.

ఆ రోజు శనివారం. కూరగాయలు, గడ్డి బండికెత్తుకుని అమ్ముకోవడానికి పోయే రైతులకు అది ముఖ్యమైన రోజు. మా పన్నులతో వేసిన రోడ్డు మాకే మూసేస్తారా అని వారు గొడవ చేశారు, కోర్టుకూ వెళ్లారు. కోర్టు పందాన్ని ఆపలేదు. పందెం జరిగింది. ఫ్రెంచి కారు పనార్‌ను నడిపిన జార్జ్ హీత్ అనే అమెరికన్ గంటకు సగటున 84 కిలోమీటర్ల వేగంతో గెలిచాడు. అదే పందెంలో జార్జ్ ఆరెంట్స్ అనే ధనికుడు నడుపుతున్న కారు టైరు ఊడి బోల్తా పడింది. ఆరెంట్స్ బతికాడు. పక్కన కూర్చున్న కార్ల్ మెన్సెల్ చనిపోయాడు. వాండర్‌బిల్ట్ కప్ చరిత్రలో మొదటి మరణం పక్క సీటు మనిషిదే.

ఇంతకీ ఆ పక్క సీటు మనిషి ఎవరు? ఇంగ్లీషులో రైడింగ్ మెకానిక్ అంటారు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే లారీలో డ్రైవర్ పక్కనుండే క్లీనర్ లాంటివాడు. అయితే ఇంజను పని మొత్తం తెలిసినవాడు. ఆ కాలపు కార్లలో పెట్రోలు దానంతటదే ఇంజనుకు చేరేది కాదు. చాలా కార్లలో మెకానిక్ చేతి పంపుతో ట్యాంకులోకి గాలి కొడుతూ ఉంటేనే పెట్రోలు కదిలేది. ఇంజనాయిలు కూడా అంతే, మధ్యమధ్యలో పంపు కొట్టి అందించాలి. వెనక నుంచి ఎవడు వస్తున్నాడో మెడ తిప్పి చూసి చెప్పాలి. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి డ్రైవర్ భుజం మీద తట్టి సైగ చేయాలి. టైరు ఎలా ఉందో తల బయటకు పెట్టి చూడాలి. పేలితే ఇద్దరూ దిగి మార్చాలి. ఈ పనులన్నీ గంటకు నూరు కిలోమీటర్లకు పైగా పోతున్న, తలుపులు లేని, పైకప్పు లేని, బెల్టు లేని బండిలో ఒక చేత్తో పట్టుకుని కూర్చుని చేయాలి. డ్రైవర్‌కు కనీసం స్టీరింగ్ ఉంది పట్టుకోవడానికి.

అమెరికా కారు మొదటిసారి ఈ కప్పు గెలిచింది 1908 అక్టోబరు 24న. లోకోమొబైల్ కంపెనీ కారు అది. బానెట్ మీద 16 నంబరు ఉండటం వల్ల తర్వాత దానికి ‘ఓల్డ్ సిక్స్‌టీన్’ అన్న పేరు స్థిరపడింది. నాలుగే సిలిండర్లు గానీ ఇంజను 16 లీటర్లది, 120 గుర్రాల బలం. మన బస్సుల్లో చాలావాటి ఇంజన్లు లీటర్లలో అందులో సగం కూడా ఉండవు. ఇదే కారు 1906 పందెంలో అందరికంటే వేగంగా ఒక చుట్టు తిరిగినా, టైర్లు వరసగా పోయి పదో స్థానంతో సరిపెట్టుకుంది. 1908లో కూడా చివరి దశలో టైరు పోయింది. డ్రైవర్ జార్జ్ రాబర్ట్‌సన్, మెకానిక్ గ్లెన్ ఎథ్రిడ్జ్ గబగబా మార్చుకుని మళ్లీ ఎక్కారు. 415 కిలోమీటర్ల పందెంలో రెండు నిమిషాల లోపు తేడాతో గెలిచారు. ఆ టైరు మార్పిడిలో ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే కప్పు ఇటలీ కారు ఇసొట్టాకు పోయేది. రికార్డుల్లో మాత్రం ‘విజేత రాబర్ట్‌సన్’ అనే ఉంటుంది.

జనాన్ని అదుపు చేయడం ఎవరి వల్లా కాలేదు. కార్లు కనబడాలని రోడ్డు మధ్యకు వచ్చి నిలబడి, చివరి క్షణంలో పక్కకు దూకేవారు. 1906లో ఒక ప్రేక్షకుడు చనిపోయాడు. అందుకని వాండర్‌బిల్ట్ సొంతంగా కార్ల కోసమే కాంక్రీటు రోడ్డు వేయించాడు. దాని పేరు లాంగ్ ఐలాండ్ మోటార్ పార్క్‌వే. అడ్డరోడ్లు తగలకుండా వంతెనలు కట్టి, టోలు వసూలు చేసిన రోడ్డు అది. 1908 నుంచి పందెం కొంత దాని మీద, కొంత పాత రోడ్ల మీద జరిగింది. అయినా 1910లో మళ్లీ ఘోరం జరిగింది. ఆ ఏడాది చనిపోయినవారిలో ఇద్దరు మెకానిక్‌లు, చార్లెస్ మిల్లర్, మాథ్యూ బేకన్. మిల్లర్ కూర్చున్న కారు నడిపింది లూయీ షెవ్రొలే. ఆ మరుసటి ఏడాది ఆయన పేరుతో వచ్చిన కార్ల కంపెనీ ఇప్పటికీ ఉంది. 1910 తర్వాత లాంగ్ ఐలాండ్ రోడ్ల మీద ఆ పందెం మళ్లీ జరగలేదు.

పందేలు జరిగిన మరో ఊరు దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని సవానా. 1908లో అక్కడ జరిగిన గ్రాండ్ ప్రైజ్ పందెంలో 647 కిలోమీటర్లు నడిచాక మొదటి రెండు కార్ల మధ్య తేడా 56 సెకన్లు. అక్కడి రోడ్డు ఎంత నున్నగా ఉందో అని యూరప్ డ్రైవర్లు మెచ్చుకున్నారు. ఆ రోడ్డును చదును చేసింది జైలు ఖైదీలు. ఆనాటి జార్జియా ఖైదీల్లో అత్యధికులు నల్లజాతివారు, చిన్నచిన్న నేరాలకే శిక్షలు పడి వెట్టి చేసినవారు. కారులో రెండో సీటు మనిషి పేరైనా పత్రికల్లో అచ్చయింది. రోడ్డు వేసినవారికి అదీ లేదు.

ఈ వివరాలన్నీ మనకెలా తెలిశాయి? విశ్వవిద్యాలయాల చరిత్రకారులకు చాలాకాలం ఇవి పట్టలేదు. స్థానికులే భద్రపరిచారు. పీటర్ హెల్క్ అనే చిత్రకారుడు 1906 పందేన్ని పదమూడేళ్ల పిల్లాడిగా రోడ్డు పక్కన నిలబడి చూశాడు. 1941లో ఓల్డ్ సిక్స్‌టీన్ కారునే కొనుక్కున్నాడు. కొత్త రంగు వేయించి మెరిపించకుండా అలాగే ఉంచాడు. పాత పందేల బొమ్మలు వేశాడు, పుస్తకాలు రాశాడు. ఆయన 1988లో పోయారు. ఆ కారు ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. సవానాలో జూలియన్ క్వాటిల్‌బామ్ అనే డాక్టరు తన ఊరి పందేల మీద 1957లో పుస్తకం వేశాడు. ఆపరేషన్లు చేసుకునే మనిషికి ఇదేం పని అని ఎవరైనా అన్నారో లేదో గానీ, ఆయన రాయకపోతే చాలా సంగతులు పోయేవి. 1909, 1910 కప్పులు గెలిచిన ఆల్కో కారును హోవర్డ్ క్రాప్లిక్ అనే లాంగ్ ఐలాండ్ స్థానిక చరిత్రకారుడు సంపాదించి ఊళ్లో జనానికి చూపించాడు. 1938లో మూతపడిన పార్క్‌వేలో కొంత భాగం ఇప్పుడు సైకిలు బాటగా ఉంది. పొదల్లో దాగిన వంతెన స్తంభాలను వెతికి ఫోటోలు తీసి పెట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

మరి రెండో సీటు ఏమైంది? 1911లో ఇండియానాపొలిస్‌లో మొదటి 500 మైళ్ల పందెం జరిగింది. అది రోడ్డు కాదు, పందేల కోసమే కట్టిన ట్రాకు. రే హారౌన్ అనే డ్రైవరు మెకానిక్ లేకుండా ఒక్కడే వచ్చాడు. వెనక వచ్చేవారిని ఎలా చూస్తావని మిగతావారు అభ్యంతరం పెడితే, ముందు ఒక అద్దం బిగించుకుని నడిపి గెలిచాడు. మన బండ్లకుండే అద్దం చేసే పని అంతకుముందు ఒక మనిషి చేశాడన్నమాట. తర్వాత ఏడాది మెకానిక్ తప్పనిసరి అన్నారు, తర్వాత వద్దన్నారు, మళ్లీ పెట్టారు. 1937తో అక్కడ ఆ ఉద్యోగం ముగిసింది.

అదే ఇండియానాపొలిస్‌లో చార్లీ విగిన్స్ అనే నల్లజాతి మెకానిక్ ఉండేవాడు. చిన్నప్పుడు కార్ల షెడ్డు ముందు బూట్లు పాలిష్ చేస్తూ, ఆ షెడ్డులోనే పని నేర్చుకున్నాడు. తర్వాత సొంత షెడ్డు పెట్టాడు. పాత ఇనుము కొట్లలో దొరికిన భాగాలతో పందెం కారు తయారు చేసుకున్నాడు. అప్పట్లో పందేలను నడిపిన అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ నల్లవారికి లైసెన్సు ఇచ్చేది కాదు. రెండో సీటు సంగతి సరే, అసలు పందెంలోకే రానీయలేదు. అందుకని 1924లో నల్లజాతివారు తామే ‘గోల్డ్ అండ్ గ్లోరీ’ పేరుతో వేరే పందెం పెట్టుకున్నారు. విగిన్స్ దాన్ని నాలుగుసార్లు గెలిచాడు. 1936లో జరిగిన ప్రమాదంలో కాలు పోయింది. కర్రతో కాలు తనే చెక్కుకుని, చాలా ఏళ్లు షెడ్డు నడుపుతూ కుర్రాళ్లకు పని నేర్పాడు. 1979లో చనిపోయాడు.

 టాడ్ గూల్డ్ అనే రచయిత పాత నల్లజాతి పత్రికలు తిరగేసి, బతికున్న ముసలివారిని అడిగి 2002లో పుస్తకం తెచ్చాడు. అంతవరకు విగిన్స్ సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2003లో పెట్టారు. ఇండియానాపొలిస్ 500లో నల్లజాతి డ్రైవర్ మొదటిసారి పాల్గొన్నది 1991లో. అతని పేరు విలీ టి. రిబ్స్.