రహస్యపత్రములు - పక్షదృష్టి

కోటిపల్లి నుండి ముక్తేశ్వరము రేవునకు పంటు దాటునంతలో రాజకీయ చర్చ మొదలగుట సహజము. పంటు ఒడ్డు చేరినను చర్చ చేరదు. ప్రభుత్వ రహస్య మేదో బయటపడినదన్న నాడు జనులు మొదట అడుగునది "ఎవరి కాలమున?" అని, "ఏమి జరిగినది?" అను ప్రశ్న పిదప వచ్చును.

2015లో ఓటుకు నోటు వ్యవహారమున టెలిఫోను సంభాషణ యొకటి ప్రసారమయ్యెను. దొంగచాటుగ వినుటయే నేరమని తెలుగుదేశము వారనిరి. అందలి మాటలకు జవాబు చెప్పుడని తెలంగాణ రాష్ట్ర సమితి వారనిరి. రెండును అడుగదగిన ప్రశ్నలే. రెంటిని కలిపి అడిగినవారు అరుదు.

ఢిల్లీలో ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము కలదు. 1962 చైనా యుద్ధమున మన సేన ఓటమిని లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ పరిశీలించి 1963లో నివేదిక సమర్పించిరి. కాంగ్రెసు ప్రభుత్వములు దానిని రహస్యముగనే యుంచినవి. 2014 మార్చిలో నెవిల్ మాక్స్‌వెల్ అను పాత్రికేయుడు కొంతభాగము బయటపెట్టగా, నాడు ప్రతిపక్షనాయకుడైన అరుణ్ జైట్లీ, ఇట్టి పత్రములను నిరవధికముగ దాచుట ప్రజాహితము కాకపోవచ్చునని వ్రాసెను. జూలైలో ఆయనయే రక్షణమంత్రిగ, దానిని ప్రకటించుట దేశహితము కాదని రాజ్యసభకు తెలిపెను. నివేదికలో ఒక అక్షరమైనను మారలేదు. ఆ యుద్ధమున బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రు లెందరో కారణము తెలియకయే కన్నుమూసిరి.

ఈ దాపరికమునకు అండగ నున్నది బ్రిటిషువారు 1923లో చేసిన అధికార రహస్యముల చట్టము. దానిని రద్దుచేయుడని 2006లో పరిపాలనా సంస్కరణల సంఘము సూచించెను. అటుపిమ్మట రెండు పక్షములును ఢిల్లీలో అధికారము నెరపినవి. ఏ పక్షమును దానిని రద్దుచేయలేదు.